ఫ్లాట్‌ని సహజ వస్తువులతో, లేత రంగులతో మార్చాలంటే ఉన్నదంతా పీకేయాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. హైదరాబాద్‌లో 12 ఏళ్ల నాటి 1,450 చదరపు అడుగుల ఫ్లాట్, మూడు బెడ్‌రూములు. నేలంతా అద్దంలా మెరిసే విట్రిఫైడ్ టైల్స్, హాల్లో ఊదా రంగు హైలైట్ గోడ, ముదురు కాఫీ రంగు లామినేట్ వార్డ్‌రోబులు, సీలింగ్ చుట్టూ నీలం ఎల్‌ఈడీ పట్టీ. ఇంట్లో నాలుగేళ్ల బాబు, మోకాళ్ల నొప్పులున్న అత్తగారు. చెక్క, రాయి, నూలు, లేత రంగులతో ఇల్లు ప్రశాంతంగా కనిపించాలని మీ కోరిక. ఉన్నదంతా తీసేసి మళ్లీ మొదలుపెట్టాలని ఎవరో చెప్పారు. అది అవసరమా, మన దుమ్ముకీ వానకీ పిల్లాడికీ ఇవన్నీ ఆగుతాయా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే అవసరం లేదు. నేనైతే మీ నేల ముట్టుకోను. వార్డ్‌రోబుల డబ్బాలు అలాగే ఉంచుతాను. సీలింగ్ పగలగొట్టను. బల్బులు మారుస్తాను, ఊదా గోడకి రంగు వేయిస్తాను, వార్డ్‌రోబ్ తలుపులు కొత్తవి చేయిస్తాను. ఇంట్లోవాళ్ల చెయ్యి, కాలు, వీపు రోజూ తగిలే ఐదారు చోట్ల మాత్రం అసలైన చెక్క, నూలు, పేము పెట్టి డబ్బంతా అక్కడే ఖర్చు చేస్తాను. ఇవి ఆగుతాయా అంటే ఆగుతాయి, కానీ కొత్తవాటిలా ఉండిపోవు. మరకలు పడతాయి, రంగు తిరుగుతుంది, వానాకాలంలో చెక్క కొంచెం బిగుస్తుంది. ఇది ఇంట్లో అందరికీ సమ్మతమేనా అని ముందే కూర్చుని మాట్లాడుకోండి. నేను చూసిన గొడవల్లో సగం డిజైన్ వల్ల వచ్చినవి కావు. "అంత డబ్బు పోసి చేయించింది ఆరు నెలలకే పాతదైపోయింది" అని ఒకరు, "అది అలాగే ఉంటుంది" అని ఇంకొకరు అనుకోవడం వల్ల వచ్చినవి.

నా సంగతి కొంచెం చెప్తాను. 22 ఏళ్లుగా హైదరాబాద్‌లో ఇళ్ల లోపలి పనులు చేయిస్తున్నాను. మా నాన్న వడ్రంగి కాబట్టి చెక్క దగ్గర మాట కొంచెం ఎక్కువవుతుంది, సర్దుకోండి. మొదటి ఐదారేళ్లు పాత ఇళ్లలో తాండూరు బండలు గడ్డపారతో లేపించి మెరిసే టైల్స్ వేయించడమే నా పని. ఇప్పుడు టైల్స్ లేపి తాండూరు వేయమని వచ్చేవాళ్లని ఆపుతున్నాను. ఫ్యాషన్ ఇలా ఒక చుట్టు తిరిగి వచ్చింది.

చేతికి ఏం తగులుతోందో చూడండి. ఇప్పుడు "నేచురల్ లుక్" పేరుతో అమ్మేవాటిలో చాలావరకు ప్లాస్టిక్కో, పైన అచ్చేసిన బొమ్మో. గాళ్ల గాళ్లగా ఉండే చార్‌కోల్ ప్యానెళ్లు, పీవీసీ షీట్లు, చెక్క బొమ్మ అచ్చేసిన లామినేట్, రాయి బొమ్మ అచ్చేసిన టైలు, అన్నీ ఆ బాపతే. వాటిని తప్పని అనను, కొన్నిచోట్ల నేనూ వాడతాను. కానీ కళ్లు మూసుకుని ఇంట్లో నడుస్తూ చేత్తో తడిమితే అన్నీ ఒకేలా చల్లగా, నున్నగా తగులుతాయి. ఫొటోలో బాగున్న ఇంట్లో కూర్చుంటే ఏదో లోటుగా అనిపించడానికి ముఖ్య కారణం అదే.

మియాపూర్‌లో ఒక దంపతులు టీవీ గోడ మొత్తం రాతి పలకలతో చేయించుకున్నారు. బడ్జెట్‌లో పెద్ద ముక్క దానికే పోయింది. ఆ గోడని ఎవరూ ముట్టుకోరు. టీవీ వేస్తే అసలు కనిపించదు కూడా. కూర్చునేది మాత్రం చెమట పట్టే రెక్సిన్ సోఫా. రెండేళ్ల తర్వాత పిలిచి డైనింగ్ టేబుల్ మార్చమన్నారు. పాత ఇంటి టేకు దూలాల నుంచి కోయించిన చెక్కతో చేసిచ్చాను. ఇప్పుడు పిల్లల హోంవర్కు, కూరగాయలు తరగడం, ఆఫీసు కాల్స్, అన్నీ దాని మీదే. గోడకి పెట్టిన దాంట్లో నాలుగో వంతు కూడా కాలేదు దానికి.

అందుకని మీ ఇంటికి నా జాబితా చిన్నది. డైనింగ్ టేబుల్ పైచెక్క, మంచం తలవైపు పలక, తలుపుల, సొరుగుల పిడులు, అత్తగారు రోజంతా కూర్చునే కుర్చీ, మీ మంచం దిగగానే కాలు ఆనే చోట ఒక డర్రీ (నూలు జంపఖానా), కర్టెన్లు. మిగతావన్నీ వీటి వెనక నిలబడితే చాలు.

రంగు కంటే ముందు బల్బులు. అందరూ షేడ్ కార్డు పట్టుకుని మొదలుపెడతారు. నేను మొదటిరోజు సీలింగ్ వైపు చూస్తాను. మన ఇళ్లలో ఎక్కువగా ఉండేవి 6500 కెల్విన్ బల్బులు, పెట్టె మీద "కూల్ డేలైట్" అని ఉంటుంది. ఆ నీలితెలుపు వెలుగులో గంధం రంగు గోడ పాలిపోయినట్టు ఉంటుంది, టేకు బూడిద తిరుగుతుంది, మనుషుల మొహాలు కూడా నీరసంగా కనిపిస్తాయి. కెల్విన్ అంకె తగ్గేకొద్దీ వెలుగు పసుపు తిరుగుతుంది. హాల్లో, పడకగదుల్లో 3000 కెల్విన్ పెట్టండి. వంటింట్లో, బాబు చదువుకునే చోట 4000 చాలు. పెట్టె మీద సీఆర్‌ఐ అనే అంకె చూసి, 90 దాటినవి దొరికితే అవే తీసుకోండి. వస్తువుల అసలు రంగు వాటిలో బాగా తెలుస్తుంది. నీలం పట్టీని తీయించక్కర్లేదు, దాని వైరు ఊడదీసి వదిలేయండి. సీలింగ్ లోపల ఏసీ పైపులు పోయి ఉంటాయి, పగలగొడితే లేనిపోని ఖర్చు.

ఇక గోడల రంగు. లేత రంగు అనగానే తెలుపో, ఈమధ్య అందరూ వేయిస్తున్న బూడిదో అనుకుంటారు. ఆ బూడిద రంగంటే నాకు పడదు. మబ్బులుండే దేశాల ఫొటోల్లో అది బాగానే ఉంటుంది. మన ఉత్తరపు గదిలో వేస్తే తడిసిన సిమెంటు గోడలా ఉంటుంది. మన ఎండకి కొంచెం పసుపో ఎరుపో కలిసిన లేత రంగులు కుదురుతాయి. మజ్జిగ తెలుపు, పాలమీగడ, గంధం, ఎండు గడ్డి, పలచని ఇటుక రంగు లాంటివి. పడమటి గదిలో సాయంత్రం ఎండ ఎలాగూ పసుపు పోస్తుంది కాబట్టి అక్కడ మాత్రం కొంచెం ఆకుపచ్చ కలిసిన తెలుపు, లేదా ఎండిన తులసాకు రంగు తీసుకోండి.

మెరిసే టైల్స్ ఉన్న ఇంట్లో ఇంకో చిక్కుంది. ఆ నేల తన రంగుని గోడ కింది భాగం మీదికి విసురుతుంది. మీ టైల్ ఐవరీ అయితే గోడకి వేసిన చల్లని తెలుపు అడుగున పచ్చబడి, పైన తెల్లగా, ఎవరో సగం కడిగినట్టు కనిపిస్తుంది. కాబట్టి షేడ్ కార్డులో గోరంత ముక్క చూసి నిర్ణయించకండి. 2 అడుగుల చదరపు ప్లైవుడ్ ముక్కకి రెండు కోట్లు వేయించి ఆ ముక్కని గోడ గోడకీ ఆనించి చూడండి. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి లైట్లలో, కనీసం మూడు రోజులు. చాలా కంపెనీలు షేడ్ వివరాల్లో ఎల్‌ఆర్‌వీ అనే అంకె ఇస్తాయి. 0 అంటే నలుపు, 100 అంటే మొత్తం వెలుగుని వెనక్కి పంపే తెలుపు. వెలుతురు తక్కువ గదికి 70 పైన, కిటికీలు బాగా ఉన్న గదికి 55, 60 దగ్గర కూడా హాయిగా ఉంటుంది.

నాలుగేళ్ల బాబు ఉన్నాడు, లేత రంగు గోడలు ఏమవుతాయని అడిగారు. పాడవుతాయి. దీనికి మన ఊళ్లలోనే మంచి ఉపాయం ఉంది. పాత మట్టి ఇళ్లు గుర్తున్నాయా, కింద నడుమెత్తు వరకు జాజు (ఎర్రమట్టి పూత), పైన సున్నం. వాన చిందినా, పిల్లలు కాళ్లు పెట్టినా, వీపు ఆనించి కూర్చున్నా మరక జాజులో కలిసిపోయేది. అదే పని మీ హాల్లో, నడవాలో చేయండి. కింద మూడున్నర అడుగుల వరకు పలచని ఇటుక రంగు, మరకని కడిగేయగలిగే శాటిన్ రకం (కొంచెం మెరుపుండే) పెయింటు. పైన మజ్జిగ తెలుపు, మెరుపు లేని మ్యాట్. రెండింటి మధ్య చెక్క పట్టీ లేకపోయినా గీత నీటుగా వస్తే చాలు. మ్యాట్ పెయింటుని బట్టతో గట్టిగా రుద్దితే అక్కడ మెరుపు మచ్చ పడుతుంది. అందుకే అది పిల్లాడి చేతికి అందని ఎత్తులో ఉండాలి. ఇప్పటికి ఏడెనిమిది ఇళ్లలో ఇలా చేయించాను. ఒక్కరు మాత్రమే "స్కూల్ గోడలా ఉంది" అన్నారు. ఆవిడ టీచరు.

నేల. తాండూరు రాయి మీద మీ మనసు పడిందని రాశారు. నాకూ ఇష్టమే. తాండూరు, పక్కన కర్ణాటకలోని షాబాద్, నంద్యాల వైపు బేతంచెర్ల, కడప, ఇవన్నీ నాపరాళ్లే, అంటే సున్నపురాయి జాతి. తాండూరులో నీలిబూడిద, పసుపు అని రెండు రంగులు ఎక్కువగా దొరుకుతాయి. పాలిష్ లేకుండా వేస్తే ఏళ్ల తరబడి కాళ్ల రాపిడికి నునుపెక్కి, నూనె రాసినట్టు అవుతుంది. ఆ అందం టైల్స్‌కి రాదు.

మరి ఎందుకు వద్దంటున్నాను? ఒకటి బరువు. 20 మిల్లీమీటర్ల రాయి చదరపు అడుగుకి దాదాపు 5 కిలోలు, కింద ఒకటిన్నర అంగుళం మాలు ఇంకో 7 కిలోలు. పాత టైల్స్ మీదే వేస్తే ఆ బరువంతా స్లాబు మీద అదనం. తలుపులన్నీ అడుగున కోయాలి, బాత్రూం గడపలు తగ్గిపోతాయి, బాల్కనీ నీళ్లు లోపలికి తిరుగుతాయి. పాతవి లేపి వేస్తే బరువు చిక్కు తీరుతుంది కానీ, నెలరోజులు దుమ్ము, కింది ఇంటివాళ్లతో తగాదా, ట్రాక్టర్లకొద్దీ చెత్త. లేపేటప్పుడు బాత్రూం పక్కన పాత వాటర్‌ప్రూఫింగ్ చిట్లి, కింది ఫ్లాట్ సీలింగ్‌లో చెమ్మ దిగిన పని ఒకటి నా చేతుల మీదే జరిగింది. దాన్ని సరిచేయడానికి నా లాభమంతా పోయింది.

రెండోది పులుపు. సున్నపురాయికి ఆమ్లం పడదు. నిమ్మరసం, చింతపండు పులుసు, పెరుగు పడి కాసేపు ఉంటే తెల్లటి మచ్చ పడుతుంది. అది పైన అంటుకున్న మరక కాదు, రాయి పైపొర తినేయబడింది. కడిగితే పోదు, మళ్లీ రుద్దించాలి. బాత్రూం కడిగే యాసిడ్ ఒక్కసారి ఒలికితే బుసబుస పొంగి గరుకు తేలుతుంది. పనమ్మాయికి పదిసార్లు చెప్పినా పదకొండోసారి యాసిడ్ బకెట్ బయటికి వస్తుంది. సీలర్ (రాయి లోపలికి మరక ఇంకకుండా ఆపే పూత) కొట్టిస్తే నూనె, టీ మరకలు ఆగుతాయి, పులుపు మాత్రం ఆగదు. ఇది అమ్మేవాళ్లు చెప్పరు.

కాబట్టి రాయి కావాలనుకుంటే బాల్కనీలో, పూజ గదిలో, గుమ్మం దగ్గర షూ విప్పుకునే చోట వేయించండి. బాల్కనీలో 60 చదరపు అడుగుల తాండూరు వేసుకుని పొద్దున కాఫీ అక్కడ తాగితే కోరిక సగం తీరుతుంది. పూజ గదిలో కొబ్బరి నీళ్లు, నూనె పడతాయి, ఆ మచ్చలు ఎవరికీ బాధ అనిపించవు.

హాల్లో మెరుపు తగ్గించడానికి డర్రీలు పరవండి. వరంగల్ డర్రీలు మందంగా, నూలుతో, రెండు వైపులా వాడుకునేలా ఉంటాయి. 2018లో వాటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. వరంగల్ కొత్తవాడలో నేతగాళ్ల దగ్గర కొలత ఇచ్చి నేయించుకోవచ్చు. అయితే అత్తగారి మోకాళ్లని బట్టి ఒక హెచ్చరిక: మెరిసే టైల్ మీద ఊరికే పరిచిన డర్రీ జారుడుబండతో సమానం. కింద రబ్బరు జాలీ తప్పనిసరి. అంచులు సోఫా కాళ్ల కింద నొక్కిపెట్టాలి. ఆవిడ మంచం నుంచి బాత్రూంకి వెళ్లే దారిలో ఏదీ పరవద్దు, ఎంత అందంగా ఉన్నా సరే.

చెక్క. ఇక్కడ కొంచెం ఆగుతాను. వడ్రంగి చెక్కని చూసే మొదటి సంగతి చేవ. చెట్టు నడిమధ్య ముదురు భాగం చేవ, చుట్టూ తెల్లగా ఉండేది చేవ లేని చెక్క. టేకులో చెదలు ముట్టని గుణమంతా చేవలోనే ఉంది. తెల్లభాగాన్ని టేకు కదా అని వాడితే పుచ్చుతుంది. టింబరు డిపోలో బర్మా, ఘానా, సూడాన్ అని పేర్లు చెప్తారు. పేరు కంటే ముక్క అంచు చూడండి, తెల్లపట్టీ ఎంత ఉందో. దానికి రంగు పూసి దాచేవాళ్లున్నారు కాబట్టి చిత్రిక పట్టించి చూడండి. తర్వాత తేమ. ఆరని చెక్కతో చేసిన టేబుల్ వేసవికి పగులు విచ్చుతుంది. తేమ కొలిచే చిన్న మీటరు ఉంటుంది, అది 12 శాతం లోపు చూపించాలి. మీటరు లేని మేస్త్రీ బరువు చూసి, తట్టి చప్పుడు విని చెప్తాడు. నాన్న అలాగే చెప్పేవాడు, ఎక్కువసార్లు కరెక్టే.

టేకే కావాలని లేదు. వేప బాగుంటుంది, పురుగు త్వరగా పట్టదు, ధర తక్కువ. కానీ బాగా ఆరబెట్టకపోతే మెలిపడుతుంది. మామిడి చూడ్డానికి మెత్తటి రంగులో చక్కగా ఉంటుంది కానీ మందు పెట్టించకపోతే పుచ్చు పడుతుంది. నాకు అన్నిటికంటే నమ్మకం పాత ఇళ్లు కూల్చినప్పుడు వచ్చే దూలాలు, వాసాలు. 50, 60 ఏళ్లు ఎండిన చెక్క ఇక పెద్దగా కదలదు. మేకులు పూర్తిగా తీయించాలి, లేకపోతే కోత మిల్లువాడు రంపం పళ్లు పోయాయని మీ మీద పడతాడు.

వార్డ్‌రోబ్ తలుపులు మాత్రం గట్టి చెక్కతో వద్దు. వానాకాలంలో ఉబ్బి పట్టేస్తాయి, ఎండాకాలంలో సందులు వస్తాయి. ప్లైవుడ్ మీద అసలు చెక్క వెనీర్ (కాగితంలా పలచగా కోసిన చెక్క పొర), అంచులకి మాత్రం గట్టి టేకు పట్టీ. చేతికి తగిలేది ఆ అంచే. ముందు పాత డబ్బాలు పరీక్షించండి. కీలు స్క్రూ విప్పి మళ్లీ బిగిస్తే పట్టు ఉందా, వంటింట్లో అయితే సింకు కింది డబ్బా అడుగుపలక ఉబ్బిందా చూస్తే చాలు. పట్టు ఉంటే ఇంకో 10 ఏళ్లు నడుస్తాయి. సింకు కింద కొత్తది వేయాల్సి వస్తే ఐఎస్ 710 ముద్ర ఉన్న ప్లై (నీటికి తట్టుకునే రకం) తీసుకోండి. ప్లై, ఎండీఎఫ్ (చెక్క పీచుని జిగురుతో నొక్కి చేసిన పలక) ఏది కొన్నా ఈ0 లేదా ఈ1 రకమా అని అడగండి. జిగురులోంచి వచ్చే ఫార్మాల్డిహైడ్ వాసన తక్కువ ఉండే రకాలవి. పైన అంతా సహజం అని చెప్పి లోపల ఘాటు జిగురు డబ్బాలు పెడితే పిల్లాడు పడుకునే గదిలో అదే పీలుస్తాడు.

ఫినిషింగ్‌కి, టేబుల్ మీద మెరిసే పీయూ (పాలియురేతేన్) కోటు వేస్తే మళ్లీ ప్లాస్టిక్ ముట్టుకున్నట్టే. మ్యాట్ పీయూ పర్లేదు. నా ఓటు నూనెకి. అవిసె నూనె గానీ, నూనె, మైనం కలిపి వచ్చే ఫినిష్ గానీ. వేడి గిన్నె మచ్చ పడితే అక్కడ మాత్రం సన్నగా రుద్ది మళ్లీ నూనె రాసుకోవచ్చు, ఇంట్లో ఎవరైనా చేయగలరు. పీయూకి మచ్చ పడితే మొత్తం పలక పాలిష్ చేయించాలి. ఏడాదికి ఒకసారి నూనె పెట్టే ఓపిక లేదంటే మాత్రం పీయూకే వెళ్లండి, మొహమాటం వద్దు.

అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి. ఆరేటప్పుడు వాటిలో వేడి పుట్టి, వాటంతట అవే అంటుకుంటాయి. ఒకసారి మా కుర్రాడు అలాంటి గుడ్డలు రంపంపొట్టు సంచిలో వేసి ఇంటికి వెళ్లిపోయాడు. రాత్రి వాచ్‌మన్‌కి పొగ వాసన వచ్చి నీళ్లు పోశాడు కాబట్టి సరిపోయింది. గుడ్డలు విడివిడిగా తీగ మీద ఆరేయాలి, లేదా నీళ్ల బకెట్‌లో ముంచాలి. పాలిష్ మేస్త్రీలు చాలామంది దీన్ని నమ్మరు, మీరు దగ్గరుండి చేయించండి.

సున్నం గోడల గురించి అడిగారు, ఫొటోల్లో చాలా బాగుంటాయని. గానుగ సున్నం, ఇసుక, కరక్కాయ, బెల్లం నీళ్లతో మెదిపి రుద్దిన గోడ నిజంగా బాగుంటుంది. కానీ మీ గోడల మీద ఇప్పటికే పుట్టీ, దానిమీద ఎమల్షన్ ఉన్నాయి. సున్నం వాటిని పట్టుకోదు. నా మొదటి సున్నం గోడ అలాగే పుట్టీ మీద వేయించాను, గృహప్రవేశం అయిన మూడో నెలలో అప్పడంలా ఊడి సోఫా వెనక పడింది. పుట్టీ మొత్తం సిమెంటు ప్లాస్టర్ దాకా గీకించి, తడిపి, పలచగా రెండు మూడు పొరలుగా వేస్తేనే నిలుస్తుంది. ఎండనివ్వకుండా రోజుల తరబడి తడి కొట్టాలి. చేసే మేస్త్రీ దొరకడం ఇంకో తిప్ప. మీ ఇంట్లో అయితే నేను వేయించను. ఒక్క గోడ చేయించుకుంటానంటే పూజ గదికి చేయించండి, అది కూడా పని చూసి, పాత కస్టమర్ ఇంటికి వెళ్లి ముట్టుకుని చూసిన తర్వాతే.

బట్టల గురించి తొందరగా. కర్టెన్లకి మంగళగిరి నూలు నాకు మొదటి ఎంపిక, వెలుతురు వడకట్టినట్టు లోపలికి వస్తుంది. కుట్టించే ముందు ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి ఆరబెట్టండి, లేకపోతే మొదటి ఉతుకులో పైకి ఎక్కి చీలమండలు కనిపించే పంట్లాంలా వేలాడతాయి. పడమటి కిటికీకి వెనక అస్తరు వేయించండి, ముదురు రంగు నూలు ఏడాదిలో గీతలుగా వెలిసిపోతుంది. దిండు గలీబులకి పెడన కలంకారి రెండు మూడు చాలు, సోఫా అంతా నింపితే కొట్టులా ఉంటుంది. జనపనార రగ్గులు బాత్రూం దగ్గర, బాల్కనీ దగ్గర వద్దు, తడిస్తే వాసన పోదు. అక్కడికి కొబ్బరి పీచు పట్టా వేయండి.

వెదురు, పేము అంటే అందరికీ భయం, పురుగు పొడి రాలుతుందని. వెదురులో పిండిపదార్థం ఉంటుంది, పురుగు దానికోసమే వస్తుంది. బోరిక్, బోరాక్స్ నీళ్లలో నానబెట్టిన వెదురైతే ఈ బాధ చాలా తగ్గుతుంది. మేదరివాళ్ల దగ్గర బాల్కనీ తడికలు కొనేటప్పుడు ఇది అడగండి, లేదా ముందే నానబెట్టి ఇమ్మని డబ్బులు కట్టండి. బాల్కనీలో వాన నేరుగా కొట్టే చోట రెండు మూడేళ్లకి మార్చుకోవాల్సిందే. అత్తగారి కుర్చీకి పేము అల్లిక బాగుంటుంది, వీపుకి గాలి తగులుతుంది. కానీ చేతులు ఆనించే పట్టీలు గట్టి చెక్కవి ఉండాలి, కూర్చునే ఎత్తు 18 అంగుళాలకి తగ్గకూడదు. ఫొటోల్లో కనిపించే కిందికి ఒరిగిన కుర్చీల్లోంచి మోకాళ్ల నొప్పులున్నవాళ్లు లేవలేరు.

సొరుగుల పిడులకి నా సరదా ఒకటుంది. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో బొమ్మలు చేసే అంకుడు కర్రతోనే లక్క పూసిన చిన్న పిడులు చేసి ఇస్తారు. పసుపు, ఇటుక ఎరుపు, ఆకుపచ్చ, అన్నీ మెత్తటి రంగులే. కాఫీ రంగు తలుపులు మార్చలేని గదిలో పిడులు మార్చినా గది మొహం మారుతుంది. పొయ్యి పక్క సొరుగులకి మాత్రం వద్దు, లక్క వేడికి మెత్తబడుతుంది.

వంటింట్లో ప్రయోగాలు చేయకండి. గ్రానైట్ బల్ల ఉంటే దాన్నే ఉంచండి, అదీ భూమిలోంచి వచ్చిన రాయే. మన తాలింపు నూనె ఆవిరికి తెరిచిన చెక్క అరలు రెండు నెలల్లో జిడ్డు పట్టి, దానిమీద దుమ్ము కూర్చుంటుంది. అరలకి తలుపులుండాలి.

పని వరుస ఇలా పెట్టుకోండి. బల్బులు, తర్వాత కరెంటు పాయింట్ల మార్పులు, బాల్కనీ రాయి, వార్డ్‌రోబ్ తలుపులు, పాలిష్, ఆ తర్వాతే గోడల రంగు చివరి కోటు, చివర్లో బట్టలు. పెయింటరు ముందే పూర్తి చేస్తానంటాడు, ఒప్పుకోకండి, వడ్రంగులు వచ్చాక గోడలన్నీ గీతలే. మీ బిల్డింగు మివాన్ పద్ధతిలో మొత్తం కాంక్రీటు గోడలతో కట్టిందైతే కరెంటు పైపు కోసం గోడ చెక్కే ఆలోచనే పెట్టుకోవద్దు, ఆ గోడలే బరువు మోస్తుంటాయి. పాలిష్ జరిగే వారం పది రోజులు బాబునీ అత్తగారినీ వేరేచోట ఉంచగలిగితే మంచిది. లో వీఓసీ (ఆవిరయ్యే రసాయనాలు తక్కువుండే) రకం తీసుకున్నా మొదటి రోజుల్లో ఘాటు ఉంటుంది.

ముందు ఒక పని చేసి మళ్లీ ఇక్కడ రాయండి. ఈ వారం హాల్లో ఉన్న 6500 బల్బులన్నీ 3000కి మార్చి, నీలం పట్టీ వైరు ఊడదీసి, రెండు వారాలు అలాగే ఉండండి. అప్పుడు హాల్ ఫొటో పొద్దున ఒకటి, రాత్రి ఒకటి తీసి పెట్టండి, సింకు కింది అడుగుపలక ఫొటో కూడా. కిటికీ ఏ దిక్కుకో, టైల్ ఐవరీనా పాలతెలుపా చెప్తే కింద ఏ రంగు, పైన ఏ రంగు అన్నది షేడ్ వరకు చెప్పగలను.